బల్ల మీద మిగిలిన చెంచా

ఈ ఊళ్ళో పెద్దవాళ్ళ నవ్వుల్లో సగం నా బండి డిక్కీలో తిరిగినవే. మైకు దొరికితే వదలని పెద్దమనుషులు, మొగుళ్ళని గడగడలాడించే ఇల్లాళ్ళు, బ్యాంకులో మనల్ని గంటలకొద్దీ నిలబెట్టి ముఖం తిప్పుకునే ఆఫీసర్లు, అందరి పళ్ళూ అట్టపెట్టెల్లో కిక్కురుమనకుండా నా వెనక కూర్చున్నవే. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ మాటామాటా వచ్చింది. ఆ బడి నా స్థాయికి సరిపోదని తేల్చుకుని బయటికి నడిచాను. బడి ఆ తర్వాత కోలుకోలేదని చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే అనుకోండి. అప్పటినుంచి పట్టని పని లేదు, నిలిచిన పని లేదు. చివరికి మా అక్క పుణ్యమా అని కట్టుడు పళ్ళు మోసే ఉద్యోగంలో కుదురుకున్నాను. దంతాల ఆసుపత్రుల నుంచి నోటి అచ్చులు తెచ్చి ల్యాబులో పడెయ్యాలి. ల్యాబులో తయారైన పళ్ళు తీసుకెళ్ళి ఆసుపత్రుల్లో ఇవ్వాలి. మధ్యలో బ్రేకు గట్టిగా వెయ్యకూడదు. వేస్తే డిక్కీలో ఊరి పెద్దలంతా ఒకరినొకరు కరుచుకుంటారు.

ఇది నా కథ కాదు కాబట్టి నన్ను కాస్త పక్కన పెట్టండి. కష్టమే, నాకు తెలుసు. ఇది మా అక్క కథ. మామూలుగా నేను చెప్పేదాంట్లో సగం తీసేసి నమ్మడం మావాళ్ళకి అలవాటు. ఈసారి తియ్యకండి. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఒళ్ళు మండినప్పుడు అబద్ధాలు అల్లే ఓపిక నాకు ఉండదు.

మా అక్క పళ్ళు కడుతుంది. పెద్దవాళ్ళకి పైవరుస, కిందివరుస, చిగుళ్ళతో సహా. ఆమె కట్టిన పళ్ళతో ఒకాయన ఇనప మేకు కొరికి వంకర చేశాడు. ఇంకొకావిడ కొత్త పళ్ళు పెట్టుకుని అద్దం ముందుకెళ్ళి, తన పడుచు రోజుల స్నేహితురాలెవరో వచ్చిందనుకుని కుర్చీ వేసి, టీ తెమ్మని కోడలికి చెప్పింది. సరే, ఈ రెండూ మాత్రం సగం తీసేసి నమ్మండి. మిగిలిన సగమే చాలు మా అక్క ఎలాంటి పనిమంతురాలో తెలియడానికి. ఆమె ఎప్పుడూ ఒక పన్ను రవ్వంత పక్కకి తిప్పి పెడుతుంది. ఎందుకే అని అడిగితే, "అన్నీ ఒకే వరుసలో అటెన్షన్‌లో నిలబడితే అది నోరు కాదురా, ప్రహరీగోడ" అనేది.

ల్యాబులో పని ఎలా నడుస్తుందో ఒక్క ముక్కలో చెప్తాను, లేకపోతే నా కోపం మీకు ఎక్కదు. మనిషి నోటి అచ్చుని దవడ మిషనుకి బిగిస్తారు. అది కీలు మీద తెరుచుకుని మూసుకునే ఇనప దవడ. దాని మీద పళ్ళని ముందుగా మైనంలో నిలబెడతారు. ఆ మైనం పళ్ళు ఆసుపత్రికి వెళ్ళి, అసలు మనిషి నోట్లో కూర్చుని, బాగోగులు చూపించుకుని తిరిగి వస్తాయి. దీన్ని ట్రయల్ అంటారు. దర్జీ దగ్గర బట్ట తొడిగి చూసుకున్నట్టే. అప్పుడు అక్క స్పిరిట్ దీపం మీద కత్తి వేడిచేసి, మైనం మెత్తబరిచి, పళ్ళని సర్దుతుంది. అంతా కుదిరాకే గట్టి అచ్చు పోస్తారు. పోశాక ఇక సర్దడానికి ఉండదు.

ఆ మైనం కత్తి ఎవరిది వాళ్ళదే. అక్కకి పని నేర్పినాయన తన కత్తే ఆమెకి ఇచ్చాడు. పిడి అరిగి అరిగి ఇప్పుడు ఆమె బొటనవేలు ఆకారంలోకి వచ్చింది. సాయంత్రం పని ముగించగానే ఎవరి కత్తి వాళ్ళు తుడిచి, గుడ్డ పరిచి, తమ బల్ల మీద పెట్టి వెళ్తారు. ఇంటికి తీసుకెళ్ళరు. కత్తి బల్ల మీద ఉంటే రేపు వస్తారని. లేదంటే ఇక రారని. ఆ ల్యాబులో రాజీనామా కాగితాలు తర్వాతెప్పుడో వస్తాయి. ముందు గుడ్డ ఖాళీగా కనబడుతుంది, అందరికీ అర్థమైపోతుంది. ఎవరూ ఏమీ అడగరు.

ఇక యజమాని. ఆయన పేరుతో మనకి పనిలేదు, ల్యాబంతా చిరునవ్వు అనే పిలుస్తారు, వెనకాలే లెండి. ఆయన ముఖం మీద నవ్వు చెరగగా చూసిన నరమానవుడు లేడు. జీతం కోసినా నవ్వుతూనే, సెలవు లేదన్నా నవ్వుతూనే. ఒకసారి మిషను మీద ఒకతని వేలు తెగితే, నవ్వుతూనే ఆ వేలు కేసి చూసి, "జాగ్రత్తగా ఉండాలి కదండీ" అన్నాడు. ఈ చిరునవ్వుకి ఒక పెద్ద ఆసుపత్రుల గొలుసుతో ఒప్పందం కుదిరింది. కుదిరిన మర్నాటి నుంచి పెట్టెల మీద ఎర్ర స్టిక్కర్లు మొదలయ్యాయి. ఎర్ర స్టిక్కరు ఉంటే అర్జెంటు. మొదట్లో ఎప్పుడో ఒకటి వచ్చేది. తర్వాత సగం ఎర్రవి. ఆ తర్వాత నేను డిక్కీ తెరిస్తే కళ్ళు జిగేల్మనేవి. అన్నీ అర్జెంటే అయినప్పుడు ఇక స్టిక్కరు ఎందుకు, ఖర్చు దండగ కదా అని నేను ఒకసారి అడిగాను. ఆయన నవ్వాడు.

ఆ తర్వాత ట్రయల్ ఎత్తేశాడు. మైనం అటూ ఇటూ తిరిగితే ఆలస్యమట. అచ్చు మీద మైనంలో నిలబెట్టి, నేరుగా గట్టివి పోసెయ్యాలట. సరిపోకపోతే తిరిగొస్తాయి, మళ్ళీ చేస్తారు, దానికేముంది అన్నాడు. మళ్ళీ చేసేది ఆయన కాదు కదా! పైగా గోడ మీద పెద్ద బొమ్మ అతికించాడు, ఒక అమ్మాయి కొండ మీద చేతులు చాచి నిలబడి ఉంటుంది, కింద 'నవ్వుతూ పని చేద్దాం' అని. ఆ అమ్మాయి పళ్ళు కూడా మా ల్యాబువి కావు.

అక్క మారిపోతూ రావడం నేను కళ్ళారా చూశాను. ఇంటికొచ్చి, చేతిలో తాళంచెవి పట్టుకుని, తాళంచెవి కోసం బ్యాగంతా వెతికేది. ఒక కాలి చెప్పు విప్పి, రెండోది విప్పడం మర్చిపోయి మంచం మీద అలాగే కూర్చునేది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఎదురుగా నిలబడి, ఎవరో పొరుగింటివాళ్ళ పాలన్నట్టు చూసేది. టీవీలో ఎవరైనా నవ్వితే ఛానెల్ మార్చేసేది. "ఎవడు నోరు తెరిచినా నాకు ఎర్ర స్టిక్కరే కనబడుతోందిరా" అంది ఒకరోజు. మా పెద్దత్త వచ్చి, "నీకేమమ్మా, నీడపట్టున కూర్చుని చేసే పని" అనేసి వెళ్ళింది. నాకైతే పెద్దత్త పళ్ళు తీసుకెళ్ళి వెనక్కి ఇవ్వకూడదనిపించింది. అవి కూడా అక్క కట్టినవే మరి.

పెట్టెలు తిరిగి రావడం మొదలైంది. నేనే మోసుకొచ్చేవాణ్ణి. ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఒకటే మాట, కిందివరుస ముందుకి తోసుకొస్తోంది అని. నేను పట్టించుకోలేదు. తెచ్చి అక్క బల్ల పక్కన పేర్చేవాణ్ణి. ఆమె కూడా వాటిని తెరిచే తీరిక లేక, ఇంకో ఎర్ర స్టిక్కరు చింపేది.

అలా ఉండగా ఒకరోజు పళ్ళే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాయి. మామూలుగా ల్యాబుకి జనం రారు. డ్రిల్లు మాస్టారు వచ్చాడు. రిటైరైనవాడు, ఇప్పటికీ నడుము వంచకుండా కూర్చునేవాడు. తలుపు దగ్గర నిలబడి లోపలున్న అందరినీ వరుసపెట్టి చూశాడు. మేమంతా తెలియకుండానే కాళ్ళు దగ్గరికి చేర్చుకున్నాం.

"నా పళ్ళు కట్టిందెవరమ్మా?"

"నేనేనండి" అంది అక్క, తల ఎత్తకుండా.

"నేను మీకేం అపకారం చేశాను తల్లీ?"

అక్క తలెత్తింది.

"బళ్ళో ఉన్నన్నాళ్ళూ కావాలనే కోపంగా ఉండేవాణ్ణి. ఉద్యోగం అలాంటిది. ఇంటికొచ్చేశాక ఇక చాల్లే అనుకున్నాను. ఈ పళ్ళు పెట్టుకున్న దగ్గర్నుంచి మా ఆవిడ, 'ఏమైందండీ, ఎందుకంత కోపం' అంటోంది. కోపం లేదే బాబూ అని చెప్పబోతే ఇంకా కోపంగా కనబడుతున్నానట. నిన్న పాలవాడు గుమ్మంలో నన్ను చూసి, నేను అడక్కుండానే, ఇకమీదట నీళ్ళు కలపనని ఒట్టు పెట్టుకున్నాడు."

నేను పకపకా నవ్వాను. పక్క బల్ల మీద పళ్ళకి పింగాణీ పూత పూసే ఆవిడ, మేమంతా పింగాణీ పిన్ని అంటాం, ఆవిడా కొంగు అడ్డం పెట్టుకుంది. అక్క నవ్వలేదు. మాస్టారి ముఖాన్నే చూస్తోంది. ఆయన కింది దవడ ముందుకి పొడుచుకొచ్చి, గొలుసు తెంపుకోబోయే కుక్కలా ఉంది. అక్క తిరిగొచ్చిన పెట్టెలన్నీ తెరిచింది. ఒక్కొక్క సెట్టూ తీసి బల్ల మీద వరుసగా పెట్టింది. ఎవరెవరివో పళ్ళు, ఎన్ని రకాల రంగులో, ఎన్ని సైజులో. అన్నిటికీ కిందివరుస ముందుకే. అన్నీ ఎవరి మీదో పళ్ళు నూరుతున్నట్టే.

"అదేంటే, అన్నీ అన్నదమ్ముల్లా ఉన్నాయి" అంది పింగాణీ పిన్ని.

అక్క తన దవడ మీద చెయ్యి వేసుకుంది. మెల్లిగా నోరు తెరిచి మూసింది. అప్పుడు చూశాం అందరం. అక్క పళ్ళు బిగించి కూర్చుని ఉంది. ఎప్పటినుంచో తెలియదు. కింది దవడ ముందుకి వచ్చి, చెంప పక్కన కండ ఉండకట్టి ఉంది. వెనకటికైతే ట్రయల్‌లో అసలు మనిషి నోరు చెప్పేది, ఇక్కడ తగులుతోంది, అక్కడ ఎత్తుగా ఉందని. ఆ నోటిని చిరునవ్వు ఎత్తేశాడు. కొలత చూసుకోవడానికి ఆమె చేతికి దగ్గర్లో ఇంకే నోరు ఉంది? ఆమెదే. ఊళ్ళో జనం నోళ్ళలో మా అక్క కోపం తిరుగుతోంది.

"నా మూతే" అంది అక్క. "ఇవన్నీ నా మూతేనే పిన్నీ."

చిరునవ్వు బయటికొచ్చి బల్ల మీద వరుసని చూశాడు. మాస్టారికి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. అక్క వైపు తిరిగి, "పర్లేదు మేడమ్, మనుషులం కదా. రేపు సాయంత్రానికి అన్నీ మళ్ళీ చేసేద్దాం. ఎర్ర స్టిక్కరు వేసేయండి" అన్నాడు.

"ట్రయల్ మళ్ళీ పెట్టండి సార్. ట్రయల్ ఉంటే ఇది జరగదు."

"సమస్య మైనంలో లేదు మేడమ్, మనసులో ఉంది. ఆదివారం శ్వాస క్లాసు పెట్టించాను కదా, మీరు రాలేదు."

"ఆదివారం కూడా ఇక్కడికే రావాలా సార్ ఊపిరి పీల్చడానికి?"

ఆయన నవ్వాడు. ఆ క్షణంలో ఆయన పైవరుస, కిందివరుస రెండూ ఊడబెరికి నా డిక్కీలో వేసుకుని ఊరంతా గతుకుల రోడ్డు మీద తిప్పాలనిపించింది. నేను అలా చెయ్యలేదు. మామూలుగా అయితే చేశాననే చెప్పేవాణ్ణి.

ఆ సాయంత్రం అక్కావాళ్ళింట్లో పంచాయితీ. మా బావ స్కూలు బస్సు డ్రైవరు. రోజంతా పిల్లల గోల మధ్య ఉంటాడు కాబట్టి ఇంట్లో మాటలు పొదుపు. ఆయనకి అక్కంటే ప్రాణం. కానీ ఆ ప్రాణం ఏ రోజూ నోరు విప్పి బయటికి రాలేదు.

"మానేస్తాను" అంది అక్క.

"నీ ఇష్టం" అన్నాడు బావ.

"మానెయ్యను. మానేసి ఏం చెయ్యాలి? నాకు వచ్చిందే ఇది. ఇప్పుడు మానేస్తే చేతకాక పారిపోయిందంటారు. ఊరందరి మూతులు వంకర చేసి పోయిందంటారు."

"నీ ఇష్టం."

"ఏవండీ, గోడకి చెప్తే కనీసం సున్నం రాలుతుంది. మీ ఇష్టం ఏంటో చెప్పండి!"

"నేనేదో ఒకటి చెప్తే, రేపు అది తప్పైతే..."

"నన్ను తిట్టుకోవాల్సి వస్తుందనా, నేను మిమ్మల్ని తిడతాననా?"

బావ టీ గ్లాసులోకి చూశాడు. నేను ఊరుకోలేక, "కత్తి తీసుకుని వచ్చెయ్యవే అక్కా! చదువు మానేశాక నాకేం తక్కువైంది?" అన్నాను.

అక్క నన్ను ఆపాదమస్తకం చూసింది. "నిన్ను చూసే ఇన్నాళ్ళూ మానకుండా ఉన్నానురా" అంది.

ఈ దెబ్బకి బావ నవ్వాడు. అక్క కూడా నవ్వబోయి, దవడ నొప్పిపెట్టి ఆగిపోయింది. చెంప పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. విషయం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. మానెయ్యాలా, ఉండాలా? మానేస్తే ఆ చెయ్యికి వేరే పని తెలియదు. ఉంటే ఆ మనిషి మనకి మిగలదు. నాకు తెలిసింది ఇంతే. బావకీ ఇంతే తెలుసు. కాకపోతే ఆయన దాన్ని 'నీ ఇష్టం' అంటాడు.

మర్నాడంతా తిరిగొచ్చిన పళ్ళు మళ్ళీ చేస్తూ కూర్చుంది అక్క. ట్రయల్ లేదు. కొత్త ఎర్ర పెట్టెలు ఒకపక్క, పాతవి ఒకపక్క. మధ్యాహ్నం భోజనం బల్ల మీదే. ప్లాస్టరు అంటిన చేతులతో కలుపుకోలేక చెంచాతో తింటుంది ఆమె. ఒక ముద్ద నోట్లో, ఒక పన్ను మైనంలో. ఒక చేత్తో చెంచా, ఇంకో చేత్తో కత్తి. సాయంత్రం అందరిలాగే తుడిచి, గుడ్డ మీద పెట్టి, అన్నం డబ్బా సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంట్లో ఆమె డబ్బా కడిగేది బావే. ఆ సంజెవేళ నేను వెళ్ళేసరికి వంటింట్లోంచి ఈల వినబడుతోంది. బావ ఈల! బస్సు హారను తప్ప ఆ మనిషి నోటి నుంచి సంగీతం విన్న పాపాన పోలేదు నేను. లోపలికి వెళ్తే గిన్నెలన్నీ తళతళలాడుతున్నాయి, రాత్రికి వంట సగం అయిపోయింది. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టి, డబ్బా మూత తీసి చూపించాడు.

డబ్బాలో మైనం కత్తి ఉంది.

"మానేసిందిరా" అన్నాడు గుసగుసగా. కళ్ళు తడిగా ఉన్నాయి. "కత్తి తెచ్చేసుకుంది. తనే చెప్పేదాకా అడక్కు. అడిగితే మళ్ళీ ఆలోచనలో పడుతుంది."

నాకు పూనకం వచ్చినంత పనైంది. హాల్లోకి వెళ్ళి చూస్తే అక్క గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది.

"ఏంట్రా మీ బావకి ఇవాళ? ఈలలు వేస్తున్నారు?"

"ఏమో. బస్సులో ఎవరైనా పిల్లలు నేర్పించి ఉంటారు" అన్నాను. నా నోట్లో ఒక మాట ఆగడం ఈ లోకంలో అదే మొదటిసారి. ఆ గొప్ప నాకు దక్కాలి.

పొద్దున అక్క ఎప్పటిలాగే తయారై బయల్దేరుతుంటే బావ తెల్లబోయాడు. "ఎక్కడికి?"

"ల్యాబుకి. ఇంకెక్కడికి?"

"మరి కత్తి?"

"ఏ కత్తి?"

బావ డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు. అక్క మూత తీసింది. కత్తిని బయటికి తీసి తిప్పి చూసింది. తర్వాత ఆమెకి అర్థమైంది, ఆమెని చూస్తుంటే మాకూ అర్థమైంది. ఆమె మానెయ్యలేదు. సాయంత్రం చెయ్యి చేసిన పని కళ్ళు చూడలేదు. కత్తిని డబ్బాలో సర్దుకుంది. చెంచాని శుభ్రంగా తుడిచి, గుడ్డ పరిచి, బల్ల మీద పెట్టి వచ్చింది.

"నేను మానేశాననుకున్నారా?" అంది బావతో.

"ఊఁ."

"అందుకా ఈలలు?"

బావ తలదించుకున్నాడు. "మానేస్తే బాగుండుననిపించింది. ఎప్పటినుంచో."

"ఎప్పటినుంచో అనిపిస్తుంటే ఒక్కరోజైనా నోరు తెరిచి ఏడవొచ్చు కదండీ!" అని అరిచింది అక్క. అరిచి, కత్తిని బ్యాగులో వేసుకుని, "నడవరా" అంది నాతో. దారి పొడవునా వెనక సీటులో బ్యాగుని ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. నేను బ్రేకు కూడా జాగ్రత్తగా వేశాను.

ల్యాబులో అడుగుపెట్టగానే పింగాణీ పిన్ని పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది. "వెళ్ళిపోతావని తెలుసే, కానీ చెప్పకుండానా!" అని ఏడుపు. మిగతావాళ్ళు లేచి నిలబడ్డారు. అక్క బల్ల దగ్గర ఆమె స్టూలు మీద ప్యాకింగ్ సెక్షన్ అతను కూర్చుని ఉన్నాడు. పెట్టెలకి టేపు వేసేవాడు. దవడ మిషనుని తలకిందులుగా పట్టుకుని చూస్తున్నాడు. పక్కన గుడ్డ మీద చెంచా అలాగే ఉంది. కత్తి కొలువుండే చోట పవిత్రంగా పడుకుని ఉంది.

చిరునవ్వు గదిలోంచి వచ్చాడు, రెండు చేతుల్లో ఒక షీల్డు. కర్రముక్క మీద ఇత్తడి రేకు, మధ్యలో నవ్వుతున్న నోరు. కింద అక్క పేరు స్కెచ్ పెన్నుతో రాసి ఉంది, ఇంకా ఆరలేదు.

"మీలాంటివాళ్ళు వెళ్తుంటే బాధే మేడమ్. కానీ ముందుకు వెళ్ళాలి కదా" అన్నాడు.

ఆ షీల్డు చూడగానే నాకు గుర్తుకొచ్చింది. ఎర్ర స్టిక్కర్లు మొదలైన కొత్తలో ఆయన నాచేత ఒక బరువైన పెట్టె తెప్పించి, తన గది బీరువాలో పెట్టించాడు. ఏ ఆటల పోటీకో అనుకుని, మెట్లెక్కుతూ మూత ఎత్తి చూశాను. పెట్టె నిండా ఇవే. అన్నిటి మీదా ఇదే నోరు, అన్నిటి కిందా పేరు రాసే చోటు ఖాళీ. ల్యాబులో పనిచేసే వాళ్ళందరికీ సరిపోయి, మిగిలేటన్ని.

"అక్కా, ఆయన గదిలో బీరువా తెరువు" అన్నాను. "ఇలాంటివి పెట్టెడు ఉన్నాయి. వెళ్ళిపోయేటప్పుడు ఇవ్వడానికి అందరికీ ముందే చేయించి పెట్టుకున్నాడు. పిన్నికీ ఉంది. ఆ టేపు వేసే అబ్బాయికీ ఉంది, ఇవాళే కూర్చున్నాడు, వాడిదీ రెడీ!"

చిరునవ్వు నవ్వు చెరగలేదు గానీ, అలా పెట్టుకుని ఉండడం బరువైనట్టు చెంపలు వణికాయి.

అక్క బ్యాగులోంచి కత్తి తీసింది. "నేను మానెయ్యలేదు సార్. పొరపాటున చెంచా పెట్టి, కత్తి తీసుకెళ్ళాను."

"అయ్యో, భలేవారే! ముందే చెప్పాలి కదా!" అన్నాడాయన. ఒక్క క్షణంలో షీల్డు చంక కిందికి పోయింది. "లేవయ్యా నువ్వు. మేడమ్, కూర్చోండి, కూర్చోండి. ఎర్రవి కుప్ప పడ్డాయి."

స్టూలు ఖాళీ అయింది. అందరూ అక్కనే చూస్తున్నారు. కూర్చుంటే అంతే, ఏమీ జరగనట్టే. ఆమె కూర్చుంది.

కుప్పలోంచి డ్రిల్లు మాస్టారి అచ్చు తీసింది. దీపం వెలిగించింది. ముందురోజు ఆయనకి మళ్ళీ పోసిన గట్టి సెట్టుని పక్కకి తోసేసి, కొత్తగా మైనం కరిగించడం మొదలుపెట్టింది.

"వెళ్ళి మాస్టారిని తీసుకురారా" అంది నాతో.

"మేడమ్, ట్రయల్ ఎత్తేశాం కదా మనం" అన్నాడు చిరునవ్వు.

"వెళ్ళిపోయానని మీరే కదా సార్ షీల్డు తెచ్చారు. వెళ్ళిపోయినదానికి మీ రూల్సేంటి?"

నేను మాస్టారిని తెచ్చేసరికి మైనం పళ్ళు తయారుగా ఉన్నాయి. నా బండి ఆ రోజు నేల మీద నడవలేదనే అనుకోండి. అక్క ఆయన్ని కొండ మీది అమ్మాయి బొమ్మ కింద కుర్చీలో కూర్చోబెట్టింది. పళ్ళు పెట్టింది. నోరు మూయించింది, తెరిపించింది, తీసింది, కత్తి వేడిచేసి సర్దింది, మళ్ళీ పెట్టింది. తొందరపడలేదు. ఎర్ర కుప్ప అలాగే ఉంది. ఆమె పని చేస్తుంటే ల్యాబులో ఎవరి చేతులూ కదల్లేదు. చాలాకాలానికి ఆ చేతులు అలా తిరగడం చూస్తున్నాం. చివరికి ఒక పన్నుని రవ్వంత పక్కకి తిప్పింది.

"ఇప్పుడు కోపంగా ఉండి చూపించండి మాస్టారూ."

మాస్టారు ప్రయత్నించాడు. కుదరలేదు. "రావట్లేదమ్మా!" అని నవ్వేశాడు.

చిరునవ్వు దగ్గరికి జరిగి, గొంతు తగ్గించాడు. "మేడమ్, ఒక మాట. కావాలంటే మీ ఒక్కరికీ ట్రయల్ ఇస్తాను. మీ బల్ల వరకూ. హెడ్‌ని కూడా చేస్తాను."

అది చిన్న మాట కాదు. అక్క చాలాకాలంగా అడుగుతున్నదే అది. ఆమె కత్తి పట్టుకుని చుట్టూ బల్లలన్నీ చూసింది.

"మరి పిన్నికి? వీళ్ళకి?"

"అందరికీ అంటే ఎలా మేడమ్... " అని నవ్వాడు.

అక్క మాస్టారి మైనం సెట్టుని పింగాణీ పిన్ని చేతిలో పెట్టింది. "ఇది పోయించు పిన్నీ. ఎక్కడా ముట్టుకోవద్దని చెప్పు." తర్వాత కత్తి తుడిచింది. రెండువైపులా, పిడి కూడా. బ్యాగులో పెట్టి జిప్ వేసింది. ఈసారి కళ్ళతో చూస్తూ పెట్టింది. గుడ్డ మీద చెంచాని మాత్రం ముట్టుకోలేదు.

"సార్, మీరు నవ్వుతుంటే ఎప్పుడైనా దవడ నొప్పి పుట్టిందా?" అంది. "పుడుతుంది, చూసుకోండి" అనేసి బయటికి నడిచింది.

ఇంటికెళ్ళేసరికి బావ బస్సుకి సెలవు పెట్టి, గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అక్క ఆయన ముందు బ్యాగు తెరిచి కత్తి చూపించింది. "ఇప్పుడు వెయ్యండి ఈల" అంది. ఆయన వెయ్యలేకపోయాడు. పెదవులు వణుకుతుంటే ఈల రాదు.

మా అక్క ఏదో గెలిచేసిందనీ, మర్నాటి నుంచి పువ్వులా విచ్చుకుందనీ మీరు అనుకుంటే అది నా తప్పు కాదు. ఆమె ఇప్పటికీ పగలంతా గోడకి ఆనుకుని కూర్చుంటుంది. వేరే ల్యాబులవాళ్ళు కబురు పెడితే, ఇప్పుడు కాదు అంటుంది. ఎప్పుడో తెలియదు. దవడ ఇంకా టక్కుమంటుంది. నా కోపం ఇంకా తగ్గలేదు. నేనింకా ఆ ల్యాబుకే పళ్ళు మోస్తున్నాను. టేపు వేసే అబ్బాయి కట్టిన పళ్ళు ఎన్నెన్ని తిరిగొస్తున్నాయో మీరు చూడాలి. వాటిని బల్లల దగ్గర పేర్చడం మానేశాను. తిన్నగా చిరునవ్వు గదిలోకి తీసుకెళ్ళి, ఆయన బల్ల మీద మూతలు తీసి, నోళ్ళన్నీ ఆయన వైపు తిరిగేలా పెట్టి వస్తున్నాను.

మానేసి వచ్చిన ఆ రోజు మధ్యాహ్నం మాత్రం అక్క చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో ప్లాస్టరు పోయేదాకా రుద్ది రుద్ది కడిగింది. బావ కంచం పెట్టి, అలవాటుగా చెంచా అందించాడు. ఆమె దాన్ని పక్కకి నెట్టి, చేత్తో కలుపుకుంది. ముద్ద నోట్లో పెట్టుకుని మెల్లిగా నమిలింది.

"నొప్పిగా ఉందా?" అన్నాడు బావ.

"ఉంది" అంది. "ఉండనివ్వండి. ఇది నా నోరే కదా."